బొటనవేలి మీద అంకె

“సిగరెట్ తాగారా?”

ఫౌండ్రీ యజమాని మంచం మీద వాలబోతూ ఆగాడు. ఎడమ కాలి రక్తనాళం పూడుకుపోయి ఆపరేషన్‌కి వచ్చాడాయన.

“ఒక్కటే. అయితే?”

“అయితే ఇవాళ కొలవను. పొగ తాగితే చర్మంలో రక్తం తగ్గుతుంది, వేలికి రక్తం ఎంత అందుతోందో చెప్పే అంకె తప్పొస్తుంది. రేపు తాగకుండా రండి.”

టెక్నీషియన్ అమ్మాయి బొటనవేలికి అంటించబోయిన సెన్సార్‌ని మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

అల్లుడి ముందు, ఇద్దరు గుమాస్తాల ముందు! రెండొందల మందిని కనుసైగతో నడిపించే మనిషికి అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోబెట్టింది. నోరు తెరవబోతే, “మాట్లాడకండి, మళ్లీ మొదటినుంచి చేయాలి” అంది.

“దీని అంతు చూడకపోతే నా పేరు మార్చుకుంటాను,” అన్నాడు బయటికొచ్చాక.

“పోనీలెండి మామయ్యా, చిన్నపిల్ల,” అన్నాడు అల్లుడు.

ఆపరేషన్‌కి ముందు కొలిస్తే అంకె ఆరు. అయ్యాక ముప్పై నాలుగు, అంటే రక్తం బాగా అందుతున్నట్టే.

రెండో రోజు పొద్దున పదకొండు వచ్చింది. ఆమె సెన్సార్ తీసి, మళ్లీ అంటించి చూసింది. తొమ్మిది.

“పాదం వెచ్చగానే ఉంది కదమ్మా?” అన్నాడు అల్లుడు.

“చేతికి ఇంకా తెలియదండీ,” అంటూ సర్జన్‌కి ఫోన్ చేసింది.

అరగంటలో యజమానిని మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లారు. కళ్లు తెరిచేసరికి కాలి మీద కొత్త కుట్లు. ఎందుకో చెప్పబోతే వినిపించుకోలేదు. బాగున్న కాలిని కావాలనే కోయించిందని ఆయనకి రూఢి అయిపోయింది.

సర్జన్ ఊళ్లో లేని వారం చూసి ఆసుపత్రి పెద్దవాళ్లకి ఫిర్యాదు పంపాడు. కక్షతో తప్పుడు అంకెలు చూపించిందని రాయించాడు. తెలిసినవాళ్లతో చెప్పించాడు. మూడో రోజుకి ఆమె ఉద్యోగం ఊడింది.

ఆమె సంచి భుజాన వేసుకుని వెళ్తుంటే, వరండాలో కుర్చీ వేయించుకుని మరీ చూశాడు. కడుపు చల్లబడింది.

ఆమె ఆయన పాదం వైపు చూసి ఆగింది.

“ఆ చెప్పు బిగుతుగా ఉంది. వదులైంది వేసుకోండి,” అని వెళ్లిపోయింది.

సర్జన్ తిరిగొచ్చి కుట్లు పరీక్షించాడు. ముఖంలో నవ్వు లేదు.

“ఆ పొద్దున లోపల రక్తం గడ్డకట్టింది. ఇంకో రెండు గంటలు ఆగితే ఈ కాలు ఉండేది కాదు. కనిపెట్టింది ఆ అమ్మాయే.”



“నాకు... కక్షలా అనిపించింది డాక్టరుగారూ.”

“మీరలా అంటారనే తను భయపడింది. అంత సరిగ్గా కొలిచేవాళ్లు వేరే లేక నేనే బలవంతాన పంపాను. ‘నన్ను పంపకండి సార్, ఆయన ఫౌండ్రీలో కాలు నలిగిన పనివాణ్ని గేటు బయట వదిలేశారే, నేను ఆ మనిషి కూతుర్ని’ అని మొదటి రోజే చెప్పింది.”