చేదు వేపాకు

జొన్నచేలో రూతమ్మను కందిరీగ కుట్టింది. ఇల్లు చేరేసరికే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, పెదాలు ఉబ్బాయి, ఊపిరి తీస్తే పిల్లికూతలు వచ్చాయి.

సూదిమందు కోసం మాచర్ల ఆసుపత్రికని మొగుడు బండి కట్టాడు. విషాలు దించే పిచ్చయ్య నవ్వాడు. "కందిరీగ కుడితే ఆసుపత్రా? ఏందిరా ఈ ఇడ్డూరం!"

ఆమె నోట్లో వేపాకు పెట్టాడు. ఒంట్లో విషం ఉంటే వేపాకు తియ్యగా ఉంటుందని ఊరి నమ్మకం.

"ఎట్టుందే?"

"చేదు... మామా, ఊపిరి..."

"చేదు తెలిసిందిగా! విషం లేదు, ఏం లేదు. నాటకాలు!"

ఊరంతా నవ్వింది. మొగుడు సిగ్గుపడి ఎడ్లను విప్పేశాడు.

గొంతు పూడుకుపోయి రూతమ్మ గుమ్మంలోనే పోయింది.

పిచ్చయ్య శవం వైపు చూసి ఉమ్మేశాడు. "తియ్యగా ఉందని చెప్పి చావొచ్చుగా, అబద్ధాలకోరుది!"

మొగుడితో సహా అందరూ తలలూపారు. మరి, వేపాకు అబద్ధమాడదుగా!