వల తొడిగిన గుమ్మడికాయ

వైకుంఠరావు నలిపి విసిరేసిన కాగితం దొర్లుకుంటూ వెళ్ళి, సత్రం అరుగు చివర కూర్చున్న మనిషి కాళ్ళ దగ్గర ఆగింది.

ఆ మనిషి దాన్ని తీసి, మడతలు విప్పి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏటి బాబూ ఇది? అప్పడమా?”

“గుమ్మడికాయ!” అన్నాడు వైకుంఠరావు, ఒళ్ళు మండి.

ఎదురుగా నిజం గుమ్మడికాయ బొద్దుగా కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి అది నాలుగో బొమ్మ. నాలుగూ అప్పడాలే అన్న సంగతి వైకుంఠరావుకీ తెలుసు, అందుకే అంత మంట.

“నా పేరు జగ్గన్నండి. మాది సోనేపూరు,” అంటూ ఆ మనిషి దగ్గరికి జరిగాడు. చంకలో ఒక మూట. మూటలోంచి వలనూలు వేలాడుతోంది. ఉప్పుచేపల వాసన గుప్పుమంది.

వైకుంఠరావు ముక్కు తిప్పుకున్నాడు.

“సూడు జగ్గన్నా, పది గంటలకి పరీక్ష. మద్రాసు సర్కారు డ్రాయింగు పరీక్ష. రెండుసార్లు తప్పాను. ఈసారీ తప్పితే మా ఊరు కొడల బడిలో నా పని ఊడుతాది. నన్నొదిలెయ్. ఇంతకీ నువ్వెక్కడికి?”

“ఆ ఇస్కూలుకేనండి.”

“ఓహో, బాడ్మింటన్ వల కట్టడానికా? మరి ఎల్లు, ఇక్కడేటి పని?”

జగ్గన్న నవ్వాడు. మూట విప్పి, చిన్న వలముక్క తీసి, గుమ్మడికాయ మీద పరిచి అంచులు కిందికి లాగి పట్టుకున్నాడు.

“ఇప్పుడు సూడండి బాబూ. నూలు ఎలా ఎల్తంది?”

నూలు కాయ మీదుగా ఎక్కింది. పొట్ట దగ్గర ఉబ్బింది. గాడిలో దిగింది. మళ్ళీ ఎక్కి, పక్కకు తిరిగి మాయమైంది.

“నడిమిన వల కన్నులు పెద్దవి. పక్కలకి పోయేకొద్దీ ఇరుకు. మీరు సుట్టూ అంచు గీసేసి, లోపల నలుపు పులిమేత్తన్నారు. కాయ అంచు కాడ అయిపోదు బాబూ, ఎనక్కి తిరుగుతాది. గీత కూడా దాంతోపాటే తిరగాల.”

“బొమ్మలెయ్యడం నాకు నువ్వు సెప్తావా? నీ వల నువ్వు సూసుకో!”

జగ్గన్న నొచ్చుకోలేదు. వల తీసి మడత పెట్టుకుని, తన చోటికి పోయి కూర్చున్నాడు.

అతను అటు తిరిగాక వైకుంఠరావు దొంగచాటుగా పెన్సిల్ తీశాడు. నూలు వెళ్ళిన దారినే గీతలు వంచాడు. ఎనిమిది గీతలు పడేసరికి కాగితం మీద కాయ పొట్ట ముందుకు తోసుకొచ్చింది.  ఇంకొకటి వేసి చూద్దామనుకుంటే తొమ్మిదిన్నర దాటింది. పెన్సిళ్ళు, రబ్బరు, డ్రాయింగు బల్ల చంకన పెట్టుకుని పరుగు తీశాడు. జగ్గన్న వెనకాలే వచ్చాడు.

గేటు దగ్గర ప్యూను చెయ్యి అడ్డం పెట్టాడు.

“హాల్ టికెట్టు?”

వైకుంఠరావు జేబులు వెతికాడు. మళ్ళీ వెతికాడు. దాన్ని సత్రం అరుగు మీద గుమ్మడికాయ కింద పెట్టి వచ్చాడు, గాలికి ఎగరకూడదని!  లోపల గడియారం పది నిమిషాలు తక్కువ పది చూపిస్తోంది.

“జగ్గన్నా! కాయ కింద నా టికెట్టుంది. నువ్వు పరిగెత్తగలవు. తెచ్చిపెట్టు బాబూ!”

జగ్గన్న గడియారం వైపు చూశాడు. ఏదో చెప్పబోయాడు. వైకుంఠరావు కళ్ళలో నీళ్ళు చూసి ఆగిపోయాడు.

“బేగి ఎల్లు! నీకు కాఫీ ఇప్పిస్తాను!”

జగ్గన్న మూట చంకన పెట్టుకునే పరిగెత్తాడు.

ఒక్కో నిమిషం ప్రాణం తోడేసింది. మొదటి గంట కొట్టారు. వీధి మలుపులో జగ్గన్న కనిపించాడు. ఒళ్ళంతా చెమట. టికెట్టు అందించాడు. వైకుంఠరావు అది ప్యూను మొహాన ఊపి లోపలికి దూకాడు. రెండో గంట మోగింది.

“ఫాటక్ బంద్!” అంటూ ప్యూను గేటు మూసేశాడు.

“బాబూ! ఈయనకి ఒక్క మాట సెప్పండి బాబూ!” వెనక నుంచి జగ్గన్న కేక.

కాఫీకి ఇంత తొందరా అనుకున్నాడు వైకుంఠరావు. “సాయంత్రం రావయ్యా!” అని తిరిగి చూడకుండానే అరిచి మెట్లెక్కేశాడు.

పరీక్ష గదిలో బల్ల మీద ఆనపకాయ పెట్టారు.  వైకుంఠరావు కళ్ళు మూసుకుని మనసులోనే కాయ మీద వల పరిచాడు. ఆ తరువాత చెయ్యి తనంతట తనే నడిచింది. గీతలు మెడ దగ్గర ఇరుకై, పొట్ట దగ్గర విచ్చుకుని, వెనక్కి తిరిగాయి.

సూపరింటెండెంటు అతని వెనక ఆగిపోయాడు.

“భేష్! కాయ చేత్తో ఎత్తుకోవచ్చు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?”

వైకుంఠరావుకు ఉప్పుచేపల వాసన గుర్తొచ్చింది.

“సొంతంగానే సార్.”

ఆ మాట అన్నాక సిగ్గేసింది. పోనీ, బయటికి వెళ్ళగానే కాఫీతోపాటు కడుపునిండా టిఫిను కూడా పెట్టించాలి, అనుకున్నాడు. ఆ తలంపుతో మనసు కుదుటపడింది.

చివర్లో సంతకాల కాగితం వచ్చింది. తన ఇరవై ఏడో నంబరు ఎదుట వైకుంఠరావు సంతోషంగా సంతకం పెట్టాడు.

దాని కిందే ఇరవై ఎనిమిదో నంబరు ఎదుట, సంతకం ఉండాల్సిన చోట, ‘రాలేదు’ అని ఎర్ర సిరాతో రాసి ఉంది: జగ్గన్న, బడిపంతులు, సోనేపూరు.