ఖాళీగా వెళ్లని బళ్లు

హైమావతి వాకిట్లో పొద్దుట్నుంచీ మూడు బుల్లి బళ్లు నిలబడి ఉన్నాయి. డ్రైవరు లేకుండా అమెరికాలోని ఆ కౌంటీ అంతా ఇంటింటికీ తిరిగే బళ్లవి. ఆవిడకి మోకాలి ఆపరేషనైందని తెలిసి హైవే అవతలి ఎల్ సాల్వడార్ వాళ్లు మొక్కజొన్న రొట్టెలు, వాటర్ ట్యాంకు వెనకున్న కొరియా వాళ్లు గంజి, పాత గుర్రాలశాల దగ్గరి ఇథియోపియా వాళ్లు పప్పు పంపారు.

కడిగిన గిన్నెలు పెట్టినా బళ్లు కదలవు. తప్పు ఆవిడదే. ఇవి కొత్తగా వచ్చిన రోజుల్లో, "ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని తెలీదూ?" అని ఒక బండిని కసిరి, గిన్నెలో ఇంత ఆవకాయ పెట్టింది. ఒక బండి నేర్చుకుంటే అన్నీ నేర్చుకున్నట్టే. ఇప్పుడేమో పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేదు.

సాయంత్రం, కాలిబాటలే లేని ఆ రోడ్డు వెంట ఒకావిడ నడిచొచ్చి తలుపు తట్టింది. ఆవిడ స్పానిష్‌ను బండి తెలుగు చేసింది. రొట్టెలు పంపిన డెల్మీ. ఎనిమిదేళ్లుగా గిన్నెలు తెలుసు కానీ, మొహం చూడటం అదే మొదలు.

"గిన్నె కోసం వచ్చారా? అందులో పెట్టడానికేం లేదండీ," అంది హైమావతి బిడియంగా.

"గిన్నె ఎటూ పోదక్కా. బండి తిరిగి రాకపోయేసరికి మీకేమైందోనని వచ్చాను."

నెల తిరిగాక హైమావతి పులిహోర కలిపి డెల్మీ గిన్నె నింపింది. బండి మూత తెరుచుకుంది. ఆవిడ ఆ మూత వేసేసి, గిన్నె ఒక చేత్తో, కర్ర ఒక చేత్తో పట్టుకుని హైవే వైపు నడిచింది. ఖాళీ బండి ఆవిడ వెనకాలే వెళ్లింది.