పుటపుటకూ పెద్దదొర

"గాడిదకేం తెలుసు గంధపు పొడి వాసన అని ఊరికే అన్నారా?" అంటూ చలపతిరావు గుడి అరుగు మీద కూర్చుని, పాత బొమ్మల భాగవతంలో ఇంకో పుట తిప్పాడు. అక్కడా అదే కథ. కృష్ణుడి నీలం నిన్ననే పూసినట్టుంది. ఎదురుగా ఉన్న రాక్షసుడికి మాత్రం మొహం లేదు, మొహం ఉండాల్సిన చోట తెల్లగా గీకిన మచ్చ ఉంది.

"ఎవరు గీకారిది?"

"అందరం గీకినం దొరా," అంది గుడి వాకిలి ఊడ్చే పోచమ్మ, సిగ్గూ బిడియం లేకుండా. "భాగవతం చదివినప్పుడల్లా ఆడోళ్లం గోరుతోని గీకుతం. మా అవ్వ గీకింది, వాళ్లవ్వ గీకింది. రాచ్చసుని మొకం గదా."

గోపన్‌పల్లి పక్కన కొత్త యూనివర్సిటీకి భూమి కొలుస్తున్న రోజులవి. ఒకప్పుడు ఆ భూములన్నీ చలపతిరావు వంశంవే. కోటలాంటి గడి కూలింది, భూములు పోయాయి, తనేమో సికింద్రాబాదులో కిరాయి ఇంట్లో ఉంటున్నాడు. నోటి దొరతనం మాత్రం పోలేదు. చచ్చిన బర్రెకు పాలెక్కువ అన్నట్టు వంశచరిత్ర ఒకటి అచ్చు వేయిస్తున్నాడు. అంతా అచ్చయింది, మొదటి పేజీ ఒక్కటే ఖాళీ. ఈ భాగవతం రాయించి, బొమ్మలు వేయించి, గుడికి దానమిచ్చిన ముత్తాతల నాటి పెద్దదొర బొమ్మ అక్కడ రావాలి. అసలా బొమ్మే లేదు, అన్నీ కోతలని దాయాదులు నవ్వుతున్నారు. చూపించి తీరతానని పందెం కట్టినంత పని చేసి, మెడలో కెమెరా వేలాడేసుకుని వచ్చాడు.

అరుగు మీది ఆడవాళ్లు ఆయన్నే గుడ్లప్పగించి చూస్తున్నారు. నున్నగా గీయించుకున్న ఆయన గడ్డం నడుమ లోతుగా ఒక నొక్కు ఉంది.

"గా నొక్కు మీ ఇంట్ల అందరికుంటదా దొరా?" అంది పోచమ్మ.

"మగవాళ్లందరికీ. పెద్దదొర నుంచీ వస్తోంది. రాచకళ అంటే ఏమనుకున్నావు?"

పోచమ్మ పక్కనున్న భూలక్ష్మిని మోచేత్తో పొడిచింది. ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దొర ఎదుట నిలబడటం కూడా రాని మందలో వచ్చి పడ్డానని చలపతిరావుకి రోత పుట్టింది.

పుటలు అయిపోవచ్చాయి. చేతులు జోడించి ఓ మూల కూర్చున్న దాత ఎక్కడా కనబడలేదు.

"చిత్రకారుడు పెద్దదొరను పుటపుటకూ గీశాడని మా ఇంట్లో తరతరాల మాట," అన్నాడు, పుస్తకం చదివి వినిపించే లింగమూర్తితో. "ఊరికే గీశాడా? పని అయ్యేదాకా వాణ్ణి గడి దాటనివ్వలేదు. పెళ్లాం చచ్చిందని కబురొచ్చినా పంపలేదు. దేవుడి పని అట్లా చేయించాలి."

"ఆ ముచ్చట మాకూ ఎరికే దొరా. మరి బొమ్మలు సూసి పెద్దదొర మెచ్చిండా?"

"చూడటమేమిటి? పట్టుబట్ట చుట్టి గుడికి ఇచ్చేశాడు. పుటలు తిప్పుకుంటూ కూర్చునే తీరిక దొరలకెక్కడిది? అది సరే, ఆయన బొమ్మలున్న పుటలు ఏం చేశారు? పొయ్యిలో పెట్టారా?"

"ఒక్క పుట గూడ పోలే. దేవుని మీద ఒట్టు."

చివరి పుట కూడా అయిపోయింది. చలపతిరావు అట్ట లోపలివైపు కూడా చూశాడు. దాయాదుల పళ్లన్నీ ఒక్కసారి కళ్లముందు కనబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు తగ్గించాడు.

"పోచమ్మా, విడిగా ఏమైనా దాచారా? జర చెప్పు."

పోచమ్మ లింగమూర్తి వైపు చూసింది. "ఒక్కటున్నది. కంసుని కొలువు. దానికి గోరు తాకనియ్యలే. గీకిన మొకం ఎవలిదో పిల్లలకు యాదుండాలె గదా అని పెద్దోళ్లు దాచినరు."

"కంసుడు నాకెందుకే?"

"సూడుండ్రి దొరా. కొలువుల మీ పెద్దదొర ఉన్నడేమో."

ఆ మాటతో ఆయనకు ప్రాణం లేచొచ్చింది. నిజమే, కొలువన్నాక చేతులు జోడించేవాళ్లు ఉండరా? లింగమూర్తి గర్భగుడి గూట్లోంచి ఎర్రబట్ట మూట తెచ్చి విప్పాడు. ఒక్క గీత చెదరలేదు. అరుగు మీది ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు.

చలపతిరావు కెమెరా కంటికి ఆనించి, చేతులు జోడించినవాళ్లను ఒక్కొక్కరినే వెతికాడు. ఎవరి గడ్డమూ తమ ఇంటి గడ్డం కాదు. చిరాగ్గా సింహాసనం వైపు తిప్పాడు.

కంసుడి గడ్డం మీద లోతైన నొక్కు ఉంది.