కాచిన చనుబాలు

కోడలు సుదీప్తి పంపుతో తీసి ఉంచిన చనుబాలను హైమవతి గిన్నెలో పోసి, పొంగొచ్చేదాకా కాచి, చల్లార్చి మళ్లీ సీసాకెత్తింది. పచ్చిపాలు ఎవరి నోటికీ అందించని ఇల్లు అది.

బాలింత ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉండే పరీక్షపెట్టె ఆ సీసాను చూసి ఎర్రదీపం వెలిగించి పలికింది. "మంచి క్రిములు లేవు. ఆసుపత్రి తీసుకోదు."

ఏడో నెలలో పుట్టిన బాబు అక్కడ అద్దాలపెట్టెలో ఉన్నాడు. ఆసుపత్రికి పాలు తీసుకెళ్లే బండి వచ్చేందుకు పావుగంటే ఉంది. పంపు కడిగి ఆరబెట్టడానికే అరగంట పడుతుంది.

"కాచకుండా పసివాడికి ఎలా పంపుతామే?" అంది హైమవతి బేలగా.

"వాడికి కావలసినవన్నీ చచ్చిపోయాయి అత్తయ్యా."

హైమవతి మోచేతులదాకా కడుక్కుని, వేడినీళ్లతో తొలిచిన స్టీలు గ్లాసు తెచ్చింది. "మీ ఆయన పుట్టినప్పుడు ఏ పంపులున్నాయని? రా, ఇలా కూర్చో." మెల్లగా ఒత్తుతూ పిండింది. బండి హారన్ మోగేసరికి అరగ్లాసు నిండింది.

పెట్టె ఈసారి పచ్చదీపం వెలిగించింది. "ఇవ్వవచ్చు. కొత్త క్రిములున్నాయి, చర్మం మీదివి."

"నా చేతులవేమోనే," అంది హైమవతి జంకుతూ.

సుదీప్తి ఆ పాలు వేరే సీసాలో పోసి మూత బిగించింది. "వెళ్లనివ్వండి అత్తయ్యా. పుట్టాక ఇంటి మనిషి చెయ్యి వాడికి తగలడం ఇదే మొదటిసారి."