లిచీకి కుదిరిన సంబంధం

"గుడ్లన్నీ ఆడదాని యజమానికే. ఇష్టమైతే మీవాణ్ణి లోపలికి తీసుకురండి. లేదా, దిగి వెళ్లిపొండి," అన్నాడు కువాంగ్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

మావ్ అత్త ఆయాసంతో మెట్ల మీదే ఆగింది. తైనాన్ ఎండలో ఊరి ఆ కొస నుంచి స్కూటర్ మీద వచ్చింది పాపం. చేతిలో పెద్ద చెక్క పంజరం. టేకు చట్రం, ఇత్తడి గొళ్లెం, నగిషీ చెక్కిన తలుపు. లోపల బెండు దుంగ మీద ముంజేయంత పొడవున్న బూడిదరంగు బల్లి బోర్లా పడుకుని నాలుకతో కళ్లు తుడుచుకుంటోంది. న్యూ కాలెడోనియా రాక్షస బల్లి. పేరు జనరల్.

"ఏమిటయ్యా ఈ అన్యాయం? మావాడికి ఏమీ లేదా?"

"జామపళ్లు పెడతాను."

"జామపళ్లకు ఇంత దూరం రావాలా? సగం గుడ్లైనా ఇవ్వు."

"మా లిచీని చూశారా మీరు? అలాంటి పిల్ల ఈ దేశంలో లేదు. ఫోటో పెట్టగానే మన బల్లుల గ్రూపులో ఎంతమంది ఎగబడ్డారో! మీవాడి రంగు బావుందని మిమ్మల్ని రమ్మన్నాను, అంతే."

మావ్ అత్త నిట్టూర్చింది. "సరేలే. ముందు వాళ్లిద్దరికీ పడనీ."

హాల్లో కొత్త గాజుపెట్టె సిద్ధంగా ఉంది. రెండు బల్లులకీ అది కొత్త చోటే. ఒకదాని ఇంట్లోకి ఇంకొకటి వెళితే రక్తపాతమే. ముందు జనరల్‌ని దింపారు. వెళ్లి మూలన కూర్చున్నాడు. తర్వాత లిచీని దింపారు. లిచీ ఒళ్లంతా ఉబ్బించి, నోరు తెరిచి, కుక్కపిల్లలా గుర్రుమంది.

"సిగ్గుపడుతోంది," అన్నాడు కువాంగ్.

"ఇదేనా సిగ్గు?"

"కొంచెం దగ్గరికి జరపాలి, అంతే." కువాంగ్ పెట్టెలో చెయ్యి పెట్టి లిచీని వెనకనుంచి నెమ్మదిగా నెట్టాడు. లిచీ గిర్రున తిరిగి అతని చూపుడువేలు కరిచి పట్టుకుంది.

కువాంగ్ కేక కింద నూడుల్స్ కొట్టుదాకా వినబడింది. చెయ్యి బయటికి లాక్కున్నాడు. చేతితోపాటు లిచీ కూడా వచ్చింది.

"లాగకు! లాగకు! పళ్లు విరుగుతాయి!" అంది మావ్ అత్త.

"నా వేలు తెగిపోతోంది అత్తా!"

"నీకు ఇంకా ఉన్నాయిగా! దానికి ఉన్నవి ఆ పళ్లే. కదలకుండా ఉండు, నీళ్లు తెస్తాను. నీళ్లలో ముంచితే వదులుతుంది." ఆమె వంటింట్లోకి పరుగెత్తింది.

కువాంగ్ పళ్లు బిగించి చెయ్యి పైకెత్తాడు. వేలికి గుమ్మడికాయలా వేలాడుతోంది లిచీ. దాని పొట్ట సరిగ్గా అతని ముఖానికి ఎదురుగా వచ్చింది. పొట్ట కింద, తోక మొదట్లో, రెండు బుడిపెలు. వేరుశనగ గింజలంత. నొప్పి కూడా మర్చిపోయాడు కువాంగ్.

పిల్లగా కొన్నప్పుడు ఆడదేనని దుకాణంవాడు ఒట్టు పెట్టాడు. ఆ వయసులో తేడా ఎవరికీ తెలియదు. పెద్దయ్యాక తిరగేసి చూసే ధైర్యం కువాంగ్‌కి ఏనాడూ లేకపోయింది.

మావ్ అత్త బేసిన్‌తో వస్తున్న చప్పుడైంది. కువాంగ్ గబుక్కున లిచీని చంటిపిల్లలా గుండెకు హత్తుకున్నాడు.

"అయ్యో, కరిచినా ఎంత ప్రేమయ్యా నీకు!" అందామె.

నీళ్లలో ముంచగానే లిచీ వేలు వదిలేసింది. కువాంగ్ దాన్ని బోర్లాగానే బుట్టలో పెట్టి, మూతేసి, పైన తువ్వాలు కప్పాడు. వేలికి గుడ్డ చుట్టుకుంటూ ఆలోచించాడు. రెండూ మగవే. ఇక గుడ్లెక్కడివి? గ్రూపులో తెలిస్తే తల ఎత్తుకోగలడా? అతని చూపు చెక్క పంజరం మీద పడింది. ఇత్తడి గొళ్లెం తళతళలాడుతోంది.

"అత్తా," అన్నాడు గొంతు మెత్తగా చేసి, "పెద్దవారితో బేరాలాడటం నాదే తప్పు. గుడ్లన్నీ మీరే తీసుకోండి."

"అన్నీనా?"

"అన్నీ. లిచీని కూడా మీ ఇంటికే తీసుకెళ్లండి. కరుచుకున్నా కొరుక్కున్నా అక్కడే అలవాటు పడతారు. నాకు ఈ పాత పంజరం ఇస్తే చాలు."

"మా ఆయన చేతులతో చేసిన పంజరం అది," అంటూ ఆమె కాసేపు దాన్ని నిమిరింది. "ఈ ఒక్క ఏటి గుడ్లేనా?"

"వాళ్లు బతికున్నంత కాలం!"

"రేపు మాట మారిస్తే?"

"నేనా?" కువాంగ్ ఎడమచేత్తో ఫోన్ తీసి, 'ఈ జంట గుడ్లన్నీ మావ్ అత్తవే, నాకు ఏ హక్కూ లేదు' అని గ్రూపులో పెట్టేశాడు. అప్పుడే అందరూ చప్పట్ల బొమ్మలు పంపడం మొదలుపెట్టారు.

జనరల్‌ని ఇంకో బుట్టలోకి మార్చారు. రెండు బుట్టలూ కువాంగే కిందికి మోసి, స్కూటర్‌కి తాడుతో కట్టాడు. పైన జామపళ్ల సంచీ కూడా తగిలించాడు. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటున్నాడు.

"గుడ్లకి టైం పడుతుంది అత్తా. కంగారు పడకండి."

మావ్ అత్త హెల్మెట్ బిగించుకుని స్కూటర్ స్టార్ట్ చేసింది.

"నాకేం బెంగ లేదు నాయనా. పోయినేడు తోడు లేకుండానే మా జనరల్ మందారం కుండీలో రెండు గుడ్లు పెట్టాడు!"