మౌల్మీన్ అత్త

అరవయ్యేళ్ళ గౌరీశ్వరి తన తాత పుట్టిన మౌల్మీన్‌ను ఒక్కసారైనా చూడాలని ఒంటరిగా బర్మా ప్రయాణం పెట్టుకుంది. అక్కడ మిగిలిన చుట్టం తాత తమ్ముడి కూతురు సన్యాసమ్మ ఒక్కతే. శ్రీకాకుళంలో ఉండే గౌరి ఆ అత్తను ఎన్నడూ చూడలేదు. ప్రతి ఆదివారం ఫోన్లో మాట్లాడుకునేవారు. ఏ పడవ ఎక్కాలో, ఏయే బట్టలు తెచ్చుకోవాలో అత్తే చెప్పేది.

ఆ రోజుల్లో ఇంటింటా మారుగొంతులనే యంత్రాలుండేవి. మనిషికి తీరిక లేనప్పుడు అచ్చం ఆ మనిషిలాగే ఫోన్లో మాట్లాడేవి. సూటిగా అడిగితే మాత్రం అవి అబద్ధమాడకూడదని చట్టం.

టికెట్టు తీసుకున్న రోజు గౌరి సంబరంగా అడిగింది.

"రేవుకాడికి నువ్వే వస్తావేటత్తా?"



"నేను రాలేనమ్మా. నేను మారుగొంతుని. ఆవిడ పోయి నాలుగు నెల్లయింది."

గౌరి నిలదీసింది. "మరిన్నాళ్ళూ సెప్పలేదేటి?"

"తెలిస్తే నువ్వు బయల్దేరవని ఆవిడ భయం. నిన్ను ఈ ఇంటికి చేర్చమని నాకు అప్పజెప్పి పోయింది."

రెండు రోజులు గౌరి అన్నం ముట్టలేదు. మూడోనాడు పెట్టె సర్దుకుంది.

మౌల్మీన్‌లో అత్త ఇంటి తాళం పక్కింటామె తీసి పక్కకు తప్పుకుంది. గడప దాటగానే లోపలి నుంచి అదే గొంతు పలకరించింది.

"వచ్చేసినావేటమ్మా? కాళ్ళు కడుక్కో."

గౌరి గుమ్మంలోనే ఏడ్చేసింది. అత్తా, అత్తా అని చాలాసేపు పిలిచింది. అప్పజెప్పిన పని ముగిసింది కనుక ఆ గొంతు మళ్ళీ పలకలేదు.